ఒక విశ్వవిద్యాలయము - పెక్కు నేలలు

నందికొట్కూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో, వానల తేమ నేలలో నిలిచి యుండగానే రైతులు పప్పుశనగ విత్తుతారు. పంట పండిన తరువాత నడుము వంచి మొక్కలను పెరకవలె. మొక్క పొట్టిది, పైగా ఆకుల మీద మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లములు గల పులుసు ఊరుతుంది. పెరికేవారి చేతులు మండుతాయి. కూలీలు దొరకని రోజులలో ఇది పెద్ద చిక్కు. 2010 తరువాతి దశకములో, నిటారుగా ఎత్తుగా పెరిగి కోతయంత్రమునకు అందే శనగ రకమొకటి వచ్చినది. దాని పేరు ఎన్.బి.ఇ.జి. 47. అందులో మొదటి అక్షరము నంద్యాలకు గుర్తు.

విశ్వవిద్యాలయము అనగానే మన విద్యార్థులకు పెద్ద భవనములు తోస్తాయి. కాని ఈ శనగ రూపొందిన నంద్యాల పరిశోధనా క్షేత్రము కూడ ఒక విశ్వవిద్యాలయములో భాగమే. అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము. చిత్రమేమంటే ఇక్కడ శరీరము కంటె అవయవమే ముందు పుట్టినది. నంద్యాల క్షేత్రము 1906 నాటిది. విశ్వవిద్యాలయము 1964 నాటిది.

ఇట్లు ఎందుకు జరిగినది? పూర్వము పరిశోధనా క్షేత్రములు వ్యవసాయ శాఖ క్రింద ఉండేవి. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు, 1961 నాటి తిరుపతి కళాశాల శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. పాఠము చెప్పేవారు ఒకరు, ప్రయోగము చేసేవారు ఇంకొకరు, రైతు వద్దకు పోయేవారు వేరొకరు. ముగ్గురికీ పొత్తు తక్కువ.

ఈ మూడు పనులనూ ఒక్క చోట చేర్చవచ్చునని అమెరికా అనుభవము చూపినది. అక్కడ 1862 నాటి మోరిల్ చట్టముతో వ్యవసాయమును, యంత్రవిద్యను బోధించే కళాశాలలు వెలసినవి. 1887లో వాటికి పరిశోధన, 1914లో రైతులకు బోధించే విస్తరణ తోడైనవి. మన దేశములో 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని సూచించినది. 1960లో పంత్‌నగర్‌లో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1963 శాసనము ననుసరించి 1964 జూన్ 12న మన రాష్ట్రములోను అట్టిది అవతరించినది. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానికి ప్రారంభోత్సవము చేశారు. తొలినాళ్ళలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము సహాయమందించినది. మన ప్రాంతములో 1991లో మహానంది కళాశాల వచ్చినది. 1996లో విశ్వవిద్యాలయమునకు రంగా గారి పేరు పెట్టారు.

ఒకే ప్రాంగణము చాలదా అని విద్యార్థి అడుగవచ్చును. రసాయనశాస్త్ర ప్రయోగము ఏ ఊరి ప్రయోగశాలలో చేసినా ఫలితమొక్కటే. మొక్క విషయము అట్లు కాదు. మొక్క పెరుగుదలను దాని జన్యువులు, అది నిలిచిన నేల, అందే నీరు, తగిలే ఎండ కలిసి నిర్ణయిస్తాయి. ఒకచోట మేలైన రకము వేరొకచోట వెనుకబడవచ్చును. అందుకే నేలకొక క్షేత్రము కావలసి వచ్చినది.

ఉదాహరణకు 1986లో బాపట్ల నుండి విడుదలైన బి.పి.టి. 5204 వరిని తీసుకొందాము. సాంబమసూరి అంటే తెలియని వారుండరు. దాని వంశములో కోయంబత్తూరు రకమొకటి, తైవాన్ రకమొకటి, మలేషియా నుండి వచ్చిన మసూరి ఉన్నవి. సుమారు ఐదు నెలల ఈ పంట కె.సి. కాలువ క్రింద చక్కగా పండినది. కాని కాలువ ఎక్కని రేగడికి అది పనికిరాదు. ఆ నేలకు నంద్యాల క్షేత్రము జొన్నలో ఎన్.టి.జె. రకములను, కొర్రలో సూర్యనందిని, పత్తిలో నరసింహను ఇచ్చినది.

కాలక్రమమున ఈ కుటుంబము వేరుపడినది. 2005లో పశువైద్యమునకు, 2007లో ఉద్యానశాస్త్రమునకు వేరు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. 2014లో రాష్ట్ర విభజనతో తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో మరొకటి వచ్చినది. రంగా విశ్వవిద్యాలయపు కేంద్రము గుంటూరు వద్దనున్న లాంకు చేరినది. ఒక్కొక్క శాస్త్రము లోతుగా పెరుగుటకు ఇది మేలే. కాని రైతు ఇంట ఎద్దు, మామిడిచెట్టు, శనగచేను వేరుపడలేదు. శాస్త్రములు వేరింటి కాపురము పెట్టినను మాటలు మానరాదు.

మానకపోతే కలిగే లాభమునకు తార్కాణములు లేకపోలేదు. సాంబమసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని వరి పరిశోధనాలయము, సి.సి.ఎం.బి. కలిసి దానిలో మూడు నిరోధక జన్యువులను చేర్చి 2008లో మెరుగైన రకమును వెలువరించినవి. మన నంద్యాల శనగకు కూడ పటాన్‌చెరువు ఇక్రిశాట్ తోడ్పడినది.

ఉపాధ్యాయులు వీలైనప్పుడు విద్యార్థులను నంద్యాల క్షేత్రమునకు తీసుకొని పోవలెను. అక్కడ ప్రక్కప్రక్కనే నాటిన రకములను వారు తమ కండ్లతో పోల్చి చూడవలెను. పేరుపలకలు పాతిన ఆ మడులే విశ్వవిద్యాలయపు తరగతి గదులు. వాటిలో పాఠము నూరేండ్లకు పైగా సాగుతూనే ఉన్నది.