నీటి మరుగులో మూడు దశలు: చైనా తేనీటి కథ

షెన్నాంగ్ అనే ఆదిరాజు మూలికలను రుచి చూస్తూ తేయాకును కనుగొన్నాడని చైనీయుల పురాణగాథ. గాథను గాథగానే స్వీకరించండి. అయితే తేయాకును వారు తొలుత ఔషధంగా ఎరిగి ఉన్నారన్న సంగతి అందులో దాగి ఉంది. అల్లం, ఉల్లి, నారింజ తొక్క, పుదీనా చేర్చి దానిని కషాయంవలె కాచేవారు. మన శొంఠి కాఫీకి దూరపు చుట్టమనుకోవచ్చు.

ఇటువంటి మిశ్రమాలను మురుగుకాలువ నీటితో పోల్చి తిరస్కరించినవాడు లూ యూ. క్రీ.శ. 8వ శతాబ్దంలో, తాంగ్ వంశీయుల కాలంలో, ఆయన 'చా జింగ్' అనే తేనీటి శాస్త్రగ్రంథం రచించాడు. ఉప్పును మాత్రం విడిచిపెట్టలేదు. నీటిలో కొండ ఊట ఉత్తమం, నది నీరు మధ్యమం, బావి నీరు అధమం అన్నాడు. ఇక మరుగు సంగతి. చేపకళ్లవంటి బుడగలు లేచి సన్నని సవ్వడి వినిపిస్తే మొదటి దశ. అప్పుడు ఉప్పు వేయాలి. పాత్ర అంచున ముత్యాల సరాలవలె బుడగలు కూడితే రెండవది. ఒక గరిటెడు నీరు తీసి పక్కన ఉంచి, మిగిలిన నీటిని సుడి తిప్పి, తేయాకు పొడిని ఆ సుడిలో వేయాలి. అలలు ఎగసిపడితే మూడవది. తీసి ఉంచిన నీటిని తిరిగి పోసి పొంగు అణచాలి. అంతకు మించి కాగినది ముదిరిన నీరు, తాగరాదు. ఉష్ణమాపకం లేని కాలంలో ఇంత నిశిత పరిశీలన!

సాంగ్ యుగంలో పొడిని గిన్నెలో వేసి, వేడినీరు పోసి, వెదురు కుంచెతో నురగ వచ్చేలా చిలికారు. జపాను అందిపుచ్చుకున్నది ఈ పద్ధతినే. 1391లో మింగ్ చక్రవర్తి హాంగ్‌వూ, అచ్చు దిమ్మలుగా చేసిన తేయాకు కానుకలను నిలిపివేసి విడి ఆకునే పంపమని ఆజ్ఞాపించాడు. ఆకును వేడినీటిలో నానబెట్టే నేటి అలవాటు ఆ తరువాతే దేశమంతటా స్థిరపడింది.

దాని పరిణత రూపమే ఫుజియాన్, చావ్‌జౌ ప్రాంతాల గోంగ్‌ఫు చా. శ్రమించి సాధించిన నేర్పు అని ఆ మాటకు అర్థం. చిన్న మట్టి కూజా, దండిగా ఆకు, క్షణాల పాటు నానబెట్టడం, అదే ఆకుతో పలు విడతలు, రెండు గుక్కలు పట్టే గిన్నెలు. అంత చిన్న గిన్నెలో తేనీరు త్వరగా ఆరుతుంది.

లూ యూ మాత్రం వేడివేడిగానే తాగమన్నాడు. ఇక్కడ వైద్యుడిగా ఆయనతో విభేదించక తప్పదు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలు అన్నవాహికకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. చైనాలోనే సుమారు 4,56,000 మందిని గమనించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, పొగలు కక్కే తేనీటికి మద్యం గాని ధూమపానం గాని తోడైన వారిలో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. కనుక దోషం ఆకుది కాదు, వేడిది. పాలు పోసి మరిగించే మన చాయ్‌కీ ఇది వర్తిస్తుంది. సాసరులో పోసుకుని, ఆర్చుకుని తాగే పెద్దలను చూసి మొరటుతనమని నవ్వేవారున్నారు. ఆ సాసరు వారి గొంతుకు మేలే చేసింది.