కత్తెర పట్టిన ప్రేక్షకులు



డేరా టాకీసులో నేల టిక్కెట్టు కొని సినిమా చూసినవారు మీలో చాలామందే ఉంటారు. బళ్లారి జిల్లాలో మా ఊరి డేరాకు 1980ల చివరిలో నేనూ అలాగే వెళ్లేవాణ్ణి. మొదటి ఆటలో ఉన్న పాట రెండో ఆటలో ఉండేది కాదు. ఆపరేటరుకు నిద్ర ముంచుకొస్తే రీలు తగ్గేది. కృష్ణ, జయలలిత నటించిన 'గూఢచారి 116' అక్కడే చూశాను. 1966 నాటి సినిమా అది. మా ఊరికి వచ్చేసరికి ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్నిచోట్ల తెగిందో! కథ మధ్యలో ఒక ముక్క పూర్తిగా ఎగిరిపోయింది.

మర్నాడు బడిలో ఆ ముక్కను మేమే పూరించుకున్నాం. నేను తెలుగులో ఒక రకంగా చెబితే, నా పక్క బెంచీవాడు కన్నడంలో ఇంకో రకంగా చెప్పాడు. వాడికి రాజ్‌కుమార్ గారు సి.ఐ.డి. 999గా వేసిన 'జేడర బలె' కంఠతా వచ్చు. అందులోని పోరాటం ఒకటి తెచ్చి మన కృష్ణ గారి సినిమాలో అతికించాడు. బాగా అతికింది కూడా!

ఈ పనినే నోటితో కాకుండా, నిజంగా ఫిల్ముమీద చేసినవారు పరాయి దేశాల్లో ఉన్నారు. పాత గూఢచారి చిత్రాలను తమకు నచ్చినట్టు మళ్లీ కూర్చుకునే అభిమానుల సంగతి ఈరోజు మీకు చెప్పాలనుకుంటున్నాను.

మొదట ఈ పని చేసింది అభిమానులు కాదు, వ్యాపారులే. 1960లలో అమెరికా టెలివిజనులో 'ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్' అనే గూఢచారి ధారావాహిక వచ్చేది. దాని భాగాలనే అతికించి, కొంత కొత్తగా తీసి కలిపి, ఎనిమిది సినిమాలుగా థియేటర్లలో ఆడించారు. 1966లో ఉడీ ఆలెన్ అనే హాస్య నటుడు ఇంకా దూరం వెళ్లాడు. ఒక జపాను గూఢచారి చిత్రాన్ని తీసుకుని, మాటలన్నీ చెరిపేసి, దృశ్యాలు అటూ ఇటూ మార్చి, ఇంగ్లీషులో కొత్త మాటలు చెప్పించాడు. గూఢచారులందరూ కొట్టుకునేది దేనికోసమనుకున్నారు? కోడిగుడ్ల సలాడు చేసే రహస్యం కోసం! 'వాట్స్ అప్, టైగర్ లిలీ?' అని దాని పేరు. వినోదమేమిటంటే, తీరా నిర్మాతలు ఆయనకు చెప్పకుండా అందులో మరికొన్ని దృశ్యాలు చేర్చి నిడివి పెంచారు. పరాయివాడి సినిమాను కోసిన ఆలెన్, తన కోత మీద ఇంకొకరు చెయ్యి వేసేసరికి కోర్టుకు వెళ్లాడు. సినిమాకు ఆదరణ దొరికాక దావా వదులుకున్నాడు. మూలచిత్రం తీసిన జపాను దర్శకుడి మనసులో ఏముందో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక జేమ్స్ బాండు దగ్గరకు వద్దాం. 1969లో వచ్చిన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'ను అమెరికాలోని ఏ.బి.సి. టెలివిజను 1976లో రెండు రాత్రులుగా ప్రసారం చేసింది. చేస్తూ చేస్తూ, ఎక్కడో వెనక రావలసిన మంచుకొండల పలాయనాన్ని తెచ్చి ముందు పెట్టింది. బాండే తన కథ చెబుతున్నట్టు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు నాయకుడు జార్జి లాజెన్‌బీది కాదు, ఇంకెవరిదో! ఆ చిత్రదర్శకుడు పీటర్ హంట్, అంతకుముందు బాండు చిత్రాలకు ఎడిటరుగా పనిచేసి, చకచకా సాగే ఆ కూర్పుకు పేరు తెచ్చినవాడు. అలాంటివాడి సినిమాకే ఈ గతి పట్టింది. సంస్థలే ఇలా చేయగా లేనిది, ప్రేమించినవాళ్లం మేము చేస్తే తప్పేమిటని అభిమానులు అడిగితే, జవాబు చెప్పడం కష్టమే.

అభిమానులు ఎక్కువగా చెయ్యి పెట్టిన సినిమాల్లో ఒకటి 'నెవర్ సే నెవర్ అగైన్'. దీని వెనక పెద్ద తగాదా ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి. 1959లో బాండు సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్, నిర్మాత కెవిన్ మెక్‌క్లోరీ, రచయిత జాక్ విట్టింగ్‌హామ్ కలిసి ఒక సినిమా కథ అల్లారు. సినిమా రాలేదు. ఫ్లెమింగ్ ఆ కథనే 1961లో 'థండర్‌బాల్' నవలగా తన ఒక్కడి పేరుతో వేసుకున్నాడు. మెక్‌క్లోరీ దావా వేశాడు. 1963లో రాజీ కుదిరి, సినిమా హక్కులు మెక్‌క్లోరీకి దక్కాయి. 1965లో ఆయన అసలు బాండు నిర్మాతలతోనే కలిసి 'థండర్‌బాల్' తీశాడు. 1983లో అదే కథ, అదే షాన్ కానరీతో, వేరే నిర్మాతల చేతిలో మళ్లీ తెరకెక్కింది. అదే 'నెవర్ సే నెవర్ అగైన్'. (అదే ఏడు అసలు నిర్మాతల 'ఆక్టోపసీ' కూడా వచ్చింది. ఉదయపూరులో తీశారు, మన మద్రాసు టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ అందులో ఉన్నాడు.)

కథ మెక్‌క్లోరీదే గాని, తుపాకీ గొట్టంలోంచి బాండు కనిపించే ఆరంభం, వినగానే ఒళ్లు గగుర్పొడిచే ఆ బాణీ ఆయనవి కావు. అందుకని సినిమా వేరే సంగీతంతో, తెరనిండా 007 అంకెలతో మొదలవుతుంది. బాండు ఒక స్థావరం మీద దాడి చేస్తుంటే వెనక సుతిమెత్తని పాట వినిపిస్తుంది. పెళ్లికి మేళం లేనట్టుందని అభిమానులకు కొరత. వాళ్లేం చేశారు? తుపాకీ గొట్టం ఆరంభం తెచ్చి అతికించారు, పాట తీసేశారు, మిషెల్ లెగ్రాన్ సంగీతం బదులు పాత బాండు చిత్రాల సంగీతం పరిచారు. చట్టం విడదీసిన రెండింటిని ఇంట్లో కూర్చుని కలిపారన్న మాట.

చెప్పినంత తేలిక కాదు. రెండు వీడియో యంత్రాలు పక్కపక్కన పెట్టుకుని కాపీ తీసే రోజుల్లో, కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ వెలిసిపోయేది. పైగా మాట, పాట, చప్పుడు ఒకే దారిలో కలిసి ఉంటే, సంగీతం తీయబోతే మాటలూ పోతాయి. డి.వి.డి.లు వచ్చాక శబ్దం ఆరు దారుల్లో విడిగా దొరికింది. మాటలు చాలావరకు మధ్యదారిలో ఉంటాయి కాబట్టి వాటిని ఉంచుకుని తక్కినవి మార్చవచ్చు. కంప్యూటర్లు ఇళ్లకు వచ్చాక 2000 ప్రాంతంలో ఈ పని ఊపందుకుంది. ఒక స్టార్ వార్స్ సినిమాను అభిమాని ఒకరు కుదించి తయారుచేసిన ప్రతి అప్పట్లో పెద్ద సంచలనం. ఈ కూర్పరులు తమలో తాము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు: అసలు డిస్కు కొన్నవారే చూడాలి, డబ్బుకు అమ్మరాదు. మర్యాదైన నియమమే గాని, చట్టం దాన్ని అనుమతి కింద లెక్కకట్టదు. మన దేశంలోనైతే 1957 నాటి కాపీరైటు చట్టంలో 57వ సెక్షను ఉంది. హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, తన రచనను పేరు చెడేలా వికృతం చేస్తే అడ్డుకునే అధికారం రచయితకు ఉంటుందని ఆ సెక్షను చెబుతుంది.

నా మట్టుకు నాకు, అసలు ప్రతి చెక్కుచెదరకుండా ఎక్కడో భద్రంగా ఉన్నంతకాలం ఈ ఆటమీద కోపం లేదు. అది లేకుండాపోతేనే బెంగ. మా డేరాలో తెగిన రీలు ముక్కలను పిల్లలం ఏరుకుని, భూతద్దం పెట్టి ఎండలో గోడమీద బొమ్మలు వేసుకునేవాళ్లం. ఆ ముక్కలు మళ్లీ ఏ సినిమాలోకీ వెళ్లలేదు.

మెక్‌క్లోరీ 2006లో పోయాడు. 2013లో ఆయన వారసులకూ, అసలు బాండు పక్షానికీ రాజీ కుదిరింది. 'నెవర్ సే నెవర్ అగైన్' హక్కులు అంతకుముందే, 1997లోనే, ఎం.జి.ఎం. చేతికి వచ్చాయి. తగాదా ముగిసినా, అధికారికంగా దొరికే ప్రతి మాత్రం నేటికీ తుపాకీ గొట్టం లేకుండానే మొదలవుతుంది.

'గూఢచారి 116'ను పెద్దయ్యాక పూర్తిగా చూశాను. డేరాలో పోయిన ఆ ముక్క కూడా చూశాను. కాని ఇప్పుడు మీరు అడిగితే నాకు గుర్తొచ్చేది అది కాదు. నా పక్క బెంచీవాడు కన్నడంలో చెప్పినదే.