బొగ్గును బట్టి మారిన ఇంజన్

రైలు ఇంజన్ల చరిత్ర అనగానే వేగం గుర్తొస్తుంది, మెయిల్ బండ్లు గుర్తొస్తాయి. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న మనకు ఆ చరిత్ర గూడ్స్ ఇంజన్ల దగ్గర మొదలవ్వాలి. మన పినపాక దాకా రైలు పట్టా రాలేదు. కానీ మన పక్కనున్న ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు అన్నీ బొగ్గు కోసం పట్టాలు వెతుక్కుంటూ వచ్చిన ఊళ్లే. ఆ బొగ్గును మోసిన తొలి ఇంజన్లు ఇంగ్లండులో, స్కాట్లండులో తయారయ్యాయి. వాటిని మనకు తగ్గట్టు మార్చింది మాత్రం వాటి కడుపులో మండిన ఈ దేశపు బొగ్గే.

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఉత్పత్తి మొదలైంది. సికింద్రాబాదు నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా నిజాం రైలు మార్గం పూర్తయింది కూడా ఆ కాలంలోనే. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు చీలిన చిన్న లైను గనినీ ఆ మార్గాన్నీ కలిపింది. గని లేకపోతే ఆ లైను వేయాల్సిన పనే లేదు. లైను లేకపోతే గనిలోంచి పైకి తీసిన బొగ్గు అడవిలోనే గుట్టగా పడి ఉండేది.

అప్పట్లో ఒక్కో రైల్వే కంపెనీ తనకు తోచిన నమూనాలో ఇంజన్లు చేయించుకునేది. ఒకరి ఇంజన్ విడిభాగం ఇంకొకరికి సరిపోయేది కాదు. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి బ్రిటిష్ ప్రమాణాల సంఘం 1903 నుంచి భారతదేశానికి ఉమ్మడి నమూనాలు రూపొందించింది. అందులో గూడ్స్‌కు మొదట వచ్చింది ఎస్‌జీ, అంటే స్టాండర్డ్ గూడ్స్. ఆరు చోదక చక్రాలు, ముందు గానీ వెనక గానీ చిన్న చక్రాలు లేవు. రైల్వే భాషలో 0-6-0. చక్రం వ్యాసం 5 అడుగుల ఒకటిన్నర అంగుళాలు. సాదాసీదా ఇంజన్, నమ్మకమైన ఇంజన్. తర్వాత ఎనిమిది చోదక చక్రాలతో, ముందు ఒక జత చిన్న చక్రాలతో హెచ్‌జీ వచ్చింది, అంటే హెవీ గూడ్స్. దాని చోదక చక్రాలు ఇంకా చిన్నవి, 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. గూడ్స్ బండికి పరుగు కన్నా లాగే బలం ముఖ్యం. చక్రం చిన్నదైతే ఆ బలం పెరుగుతుంది.

అసలు తేడా చక్రాల దగ్గర లేదు, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ దగ్గర ఉంది. ఎస్‌జీలో నిప్పు పరిచే గ్రేట్ వైశాల్యం సుమారు 25 చదరపు అడుగులు. హెచ్‌జీలో 32. ఇంజన్ ఫ్రేముల మధ్య, చక్రాల నడుమ ఇరుక్కుని ఉండటం వల్ల ఆ ఫైర్‌బాక్స్ అంతకు మించి పెరగలేదు. వేల్స్ బొగ్గు వేస్తే అది చాలు. ఆ బొగ్గులో బూడిద తక్కువ, వేడి ఎక్కువ. మన బొగ్గు అలా కాదు. సింగరేణి బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఇరుకు గ్రేట్ మీద దాన్ని మందంగా పరిస్తే గాలి ఆడదు. గాలి ఆడకపోతే ఆవిరి తగ్గుతుంది. ఆవిరి తగ్గిందని ఇంకో పది పారలు వేస్తే నిప్పు మరింత మూసుకుపోతుంది. బూడిద కరిగి ఇనుప చిట్టెంలా గడ్డకడుతుంది. రైల్వేవాళ్లు దాన్ని క్లింకర్ అంటారు. బండి లూప్ లైన్లో ఆగినప్పుడల్లా ఫైర్‌మ్యాన్ పొడవాటి ఇనుప చువ్వ లోపలికి దూర్చి ఆ గడ్డల్ని పగలగొట్టాలి, కెలికి బూడిదను కిందికి రాల్చాలి. ఎదురుగా తెరిచిన తలుపులోంచి మంట, వెనక మే నెల ఎండ. పెద్ద ఇంజన్ల మీద డ్రైవర్‌తో పాటు ఇద్దరు ఫైర్‌మ్యాన్లు ఉండేవారంటే కారణం ఇదే. గ్లాస్గోలో కాగితం మీద గీసిన ఇంజన్ ఎంత బరువు లాగగలదో గీతలు చెప్పాయి. అది మన ఎత్తుపల్లాల మీద నిజంగా ఎంత లాగుతుందో ఈ మనుషుల భుజాలే తేల్చాయి. ఇంజన్ల చరిత్ర రాసేవాళ్లలో చాలామంది వాళ్లను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

1924లో ఏర్పడిన లోకోమోటివ్ ప్రమాణాల సంఘం ఈ చిక్కును సూటిగా పట్టుకుంది. నాసి బొగ్గుతోనే నడవాలి, నిర్వహణ సులువుగా ఉండాలి, బరువు ఎక్కువ లాగాలి అన్నది లెక్క. అలా వచ్చిన ఎక్స్ వరుసలో గూడ్స్‌కు ముఖ్యమైనది ఎక్స్‌డీ. 2-8-2 అమరిక, అంటే చోదక చక్రాలు ఎనిమిదే అయినా వెనక మరో జత చిన్న చక్రాలు చేరాయి. ఈ వెనక జతే అసలు కీలకం. ఫైర్‌బాక్స్ పెద్ద చక్రాల నడుమ నుంచి బయటపడి, ఈ చిన్న చక్రాల పైన హాయిగా వెడల్పైంది. గ్రేట్ 45 చదరపు అడుగులకు పెరిగింది. బొగ్గును పలచగా పరిచి ఎక్కువ మేర మండించే వీలు కలిగింది. ఇరుసు మీద భారం 17 టన్నుల దగ్గరే ఉంచడంతో చాలా ప్రధాన మార్గాల్లో అది తిరగగలిగింది. దీని అన్న ఎక్స్‌ఈకి గ్రేట్ 63 చదరపు అడుగులు, ఇరుసు భారం 22.5 టన్నులు. అంత బరువును మోసే పట్టాలు కొన్నిచోట్లే ఉండేవి కాబట్టి అది ఎక్కువగా తూర్పు బొగ్గు క్షేత్రాల వైపే ఉండిపోయింది.

తొలి ఎక్స్‌డీలు 1920ల చివర్లో వచ్చాయి. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య నడిచిన మన దేశపు తొలి ప్రయాణికుల బండి ఇంజన్లను పంపిన వల్కన్ ఫౌండ్రీ వీటినీ తయారుచేసింది. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ కూడా చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1927లో, కారేపల్లి నుంచి కొత్తగూడెం లైను పడింది. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. రాములవారి దర్శనానికి పోయేవాళ్లూ, బొగ్గు వ్యాగన్లూ ఒకే లైను వాడుకున్నారు.

ఇదే వరుసలోని ప్రయాణికుల ఇంజన్ ఎక్స్‌బీ మాత్రం చెడ్డపేరు మూటగట్టుకుంది. 1937 జూలైలో బీహార్‌లోని బిహ్తా దగ్గర ఆ తరగతి ఇంజన్‌తో నడిచిన బండి పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. విచారణలు జరిగాయి. ఎక్స్ వరుస మీద రాసినవాళ్లు ఈ విషాదాన్నే ముందు పెడతారు, అది న్యాయమే. కానీ అదే వరుసలో పుట్టిన ఎక్స్‌డీ దశాబ్దాల పాటు నింపాదిగా పనిచేసింది. దక్షిణ మధ్య రైల్వేలోనూ చాలాకాలం తిరిగింది. నా దృష్టిలో బ్రిటిష్ ఇంజనీర్లు మన దేశం కోసం గీసిన గూడ్స్ ఇంజన్లలో ఇదే మేలైనది. మన బొగ్గు ఇలాంటిదని ఒప్పుకుని గీసిన ఇంజన్ అది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కర్మాగారాలు యుద్ధపు పనుల్లో మునిగిపోవడంతో అమెరికా, కెనడా నుంచి 2-8-2 ఇంజన్లు వచ్చాయి. ఆ అనుభవంతో స్వాతంత్ర్యం తర్వాత డబ్ల్యూజీ అనే గూడ్స్ ఇంజన్ రూపుదిద్దుకుంది. తొలి ఇంజన్లలో కొన్ని గ్లాస్గో నుంచే వచ్చినా, 1950లోనే చిత్తరంజన్ కర్మాగారం నుంచి ‘దేశబంధు’ అనే డబ్ల్యూజీ బయటికొచ్చింది. చక్రాల అమరిక ఎక్స్‌డీదే, గ్రేట్ కూడా దాదాపు అంతే. ఆవిరి ఒత్తిడి మాత్రం చదరపు అంగుళానికి 180 నుంచి 210 పౌండ్లకు పెరిగింది. 1970లో చివరిదైన ‘అంతిమ్ సితారా’ వచ్చేసరికి మొత్తం 2,450 డబ్ల్యూజీలు తయారయ్యాయి. ఈలోగా, 1962లో, నార్త్ బ్రిటిష్ కంపెనీయే మూతపడింది.

1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేనాటికి కాజీపేట, డోర్నకల్ లోకో షెడ్లలో ఇంకా ఆవిరి ఇంజన్లదే రాజ్యం. తర్వాత డీజిల్ వచ్చింది, దాని వెనకే కరెంటు. 1995 డిసెంబర్ 6న దేశంలో బ్రాడ్‌గేజ్ మీద చివరి ఆవిరి ప్రయాణికుల సర్వీసు నడిచింది. గూడ్స్ ఇంజన్లకు అలాంటి వీడ్కోలు కూడా దక్కలేదు. రంగులద్దిన మెయిల్ ఇంజన్లను తీసుకెళ్లి స్టేషన్ల ముందు నిలబెట్టారు. మసిబారిన ఎక్స్‌డీలు, డబ్ల్యూజీలు ఎక్కువగా పాత ఇనుముకే పోయాయి. బొగ్గుతో పెరిగిన మన జిల్లాలో ఒక ఎక్స్‌డీని గ్రేట్‌తో సహా, చువ్వ, పారతో సహా నిలబెట్టి ఉంటే, పిల్లలు ఫైర్‌బాక్స్‌లోకి తల పెట్టి చూసి ఈ కథ మొత్తం తెలుసుకునేవారు.

మణుగూరు గనుల కోసం పట్టాలు ఇటు సాగేనాటికి చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయి ఉంది. ఇప్పుడు మన బొగ్గు నాలుగు 270 మెగావాట్ల యూనిట్లున్న భద్రాద్రి థర్మల్ కేంద్రంలో మండుతోంది. బూడిద సమస్య మాత్రం అలాగే ఉంది. ఇక్కడ దాన్ని చువ్వతో రాల్చే ఫైర్‌మ్యాన్ లేడు, చెరువుల్లా తవ్విన బూడిద కుంటలున్నాయి.