సైన్స్ ఫిక్షన్ (అభిమాన పత్రిక)

అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని గ్లెన్‌విల్ హైస్కూలు విద్యార్థులు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1932లో ప్రారంభించిన సైక్లోస్టైల్ పత్రిక. సీగెల్ సంపాదకుడు, ప్రధాన రచయిత, షుస్టర్ చిత్రకారుడు. వచ్చినవి ఐదు సంచికలే.

ఇలాంటి పత్రికలకు దారి వేసింది 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ స్థాపించిన ‘అమేజింగ్ స్టోరీస్’. అందులో పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చువేసేవారు. దాంతో ఎక్కడెక్కడో ఉన్న అభిమానులు ఒకరికొకరు రాసుకోసాగారు, సొంత పత్రికలకూ పూనుకున్నారు.

1933 జనవరి నాటి ‘సైన్స్ ఫిక్షన్’ మూడో సంచిక చరిత్రలో నిలిచిపోయింది. సీగెల్ ‘హెర్బర్ట్ ఎస్. ఫైన్’ అనే మారుపేరుతో రాసిన ‘ది రెయిన్ ఆఫ్ ది సూపర్‌మ్యాన్’ అందులోనే వెలువడింది. ఉచిత రొట్టె కోసం వరుసలో నిలబడ్డ బిల్ డన్ అనే నిరుపేదను ఒక రసాయన శాస్త్రవేత్త తీసుకెళ్లి ప్రయోగం చేస్తాడు. ఇతరుల మనసులను చదివే శక్తి రాగానే డన్ లోకాన్నే ఏలాలనుకుంటాడు. మందు ప్రభావం తీరాక మళ్లీ అదే వరుసలోకి చేరతాడు. మహామాంద్యం నాటి ఆకలి ఈ కథలో సూటిగా కనిపిస్తుంది. షుస్టర్ గీసిన ఆ దుష్టుడిది బట్టతల.

తర్వాత మిత్రులిద్దరూ ‘సూపర్‌మ్యాన్’ అనే ఆ పేరును దుష్టుడి నుంచి తీసి వీరుడికి ఇచ్చారు. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అతడు ప్రత్యక్షమయ్యాడు. ఆ పాత్ర హక్కులకు వారికి ముట్టింది 130 డాలర్లు.