దుమ్ముకు దస్తీ, తుంపరలకు మాస్కు

నాగార్జునసాగర్ రహదారి మీద ఇబ్రహీంపట్నం వెళ్లే తోవలో ఉన్న మన్నెగూడ వంటి ఊళ్లకు ముక్కూ మూతీ కప్పుకోవడం 2020లో వచ్చిన కొత్త అలవాటేమీ కాదు. కల్లంలో వడ్లు తూర్పారబట్టేవారూ, రాళ్లు కొట్టేవారూ, దూది ఏకేవారూ దస్తీనో రుమాలునో ముక్కు మీదుగా తెచ్చి తల వెనక ముడివేసుకోవడం తెలంగాణ పల్లెల్లో పాత సంగతే. అయితే ఆ గుడ్డ బయటి దుమ్ము లోపలికి పోకుండా, కట్టుకున్నవారి మేలుకే కట్టినది. తన ఊపిరి ఎదుటివారికి తగలకుండా కట్టుకునే గుడ్డ చరిత్ర వేరు. జైన మునులు గాలిలోని సూక్ష్మజీవులకు హాని కలగకూడదని నోటికి అడ్డం పెట్టుకునే ముఖపత్తిని పక్కన పెడితే, వైద్యంలో అది 1897 ప్రాంతంలో బ్రెస్లావ్ నగర శస్త్రవైద్యుడు మికులిచ్‌తో మొదలైంది. మాట్లాడేటప్పుడు వెలువడే తుంపరల వెంట క్రిములు రోగి గాయంలో పడతాయని ఆయన పలుచని జాలీగుడ్డతో నోరు కప్పుకున్నాడు.

అంటురోగానికి ఆ గుడ్డను వాడి చూపినవాడు మంచూరియాలో వు లియన్-తే అనే వైద్యుడు. 1910-11లో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు శ్వాస ద్వారానే పాకుతోందని గ్రహించి, పొరల నడుమ దూది పెట్టిన మాస్కు కట్టుకోమన్నాడు. ఆ మాట పట్టించుకోకుండా రోగులను చూసిన ఫ్రెంచి వైద్యుడు మెనీ కొద్ది రోజుల్లోనే ప్లేగుతో మరణించాడు. అదే 1911లో హైదరాబాదును పీడించిన గడ్డల ప్లేగు మాత్రం ఎలుకల ఒంటిమీది పురుగు కాటుతో వచ్చేది కనుక, దానికి మూతిగుడ్డ పనికిరాదు, ఇల్లు ఖాళీ చేయడమే ఉపాయం. 1915లో ఎర్రన్నగుట్టలో మొదలై తరువాత నల్లకుంటకు మారిన అంటువ్యాధుల ఆసుపత్రిని జనం ‘కోరంటి దవాఖాన’ అన్నారు. రోగిని వేరుగా ఉంచడాన్ని చెప్పే ‘క్వారంటైన్’ అన్న మాటే ప్రజల నోట కోరంటి అయింది. అంటే ఇక్కడివారికి అంటురోగమంటే ముందుగా తోచింది దూరమే గాని మాస్కు కాదు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడింది. ఏప్రిల్‌లో బహిరంగ ప్రదేశాల్లో మాస్కు తప్పనిసరి అయింది, మే నెలలో 1,000 రూపాయల జరిమానా వచ్చింది. దస్తీ ఉండగా మాస్కెందుకన్న ప్రశ్నా వెంటే వచ్చింది. అది అర్థం లేని ప్రశ్న కాదు. వదులుగా చుట్టిన బట్ట పెద్ద తుంపరలను ఆపుతుంది గాని, చెంపల పక్క సందుల్లోంచి సన్నని తుంపరలు పోతూనే ఉంటాయి. ఎన్-95 మాస్కు పోగులకు విద్యుదావేశం ఉంటుంది కనుక అవి సన్నని కణాలనూ అంటించుకుంటాయి, అదీ ముఖానికి బిగిసి ఉంటేనే.

డెన్మార్క్‌లో 2020లో సుమారు 6,000 మందితో జరిగిన పరీక్షలో మాస్కు సలహా పొందినవారిలో 1.8 శాతానికి, పొందనివారిలో 2.1 శాతానికి వ్యాధి సోకింది. ఆ తేడా ఖాయమని చెప్పేంత పెద్దది కాదు. కానీ అది ధరించినవారి రక్షణనే కొలిచింది, దస్తీని కొలిచినట్టే. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాలను తీసుకొని ఊరు మొత్తాన్ని చూశారు. మాస్కు సరిగా పెట్టుకునేవారు 13 నుంచి 42 శాతానికి పెరిగినంత మాత్రానే, సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో కూడిన వ్యాధి సుమారు 11 శాతం తగ్గింది. ఇది అద్భుతమూ కాదు, అబద్ధమూ కాదు. ఆ ఊళ్లలోనే 60 ఏళ్లు దాటినవారిలో తగ్గుదల 35 శాతం దాకా కనబడింది. ముసలివారున్న ఇళ్లవారు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.