అందాల పోటీలో మొదటి అడుగు ఎవరిది?
నియమాల చరిత్ర, జీడిచేతుల ప్రశ్న

పదేళ్ళ కిందట పలాస దగ్గరి మా వాడ నుంచి ఒక అమ్మాయి కాలేజీ వార్షికోత్సవంలో జరిగే అందాల పోటీకి పేరిచ్చింది. మా వాడలో అలాంటి పోటీకి పేరిచ్చిన మొదటి మనిషి ఆమే. మాకు వరసకి చెల్లెలు. అప్పటికి మేము విశ్వవిద్యాలయంలో చేరి, స్త్రీవాద సాహిత్యం చదివి, అందాల పోటీ అంటే స్త్రీ శరీరాన్ని సరుకు చేయడమేనని గట్టిగా నమ్మే దశలో ఉన్నాం. ఫోన్ చేసి వద్దన్నాం. చదివిందంతా అప్పజెప్పాం. ఆమె ఓపిగ్గా విని చివరికి ఒకటే అడిగింది: "అప్పా, నన్ను ఇంతవరకూ ఎవులు రమ్మన్నారని, నాను రానంటాను?"

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన వెతుకులాట.

అందాల పోటీల మీద వచ్చిన రాతలు ఎక్కువగా కిరీటం పెట్టుకున్నవాళ్ళ చుట్టూ తిరుగుతాయి. మేము గుమ్మం దగ్గర ఆగదల్చుకున్నాం. లోపలికి ఎవరు రావచ్చని రాసుకున్నారు, రాయకుండానే ఎవర్ని ఆపారు, ఆ గుమ్మం దాటి మొదటిసారి నిలబడ్డవాళ్ళకి ఏం జరిగింది అన్నదే ఇక్కడ మా పరిధి.

రాసిపెట్టిన నియమం

అమెరికాలో అట్లాంటిక్ సిటీ అనే సముద్రతీర పట్నంలో 1921లో మిస్ అమెరికా పోటీ మొదలైంది. వేసవి అయిపోయాక కూడా పర్యాటకుల్ని మరికొన్ని రోజులు నిలిపి ఉంచడానికి వ్యాపారులు చేసుకున్న ఏర్పాటు అది. తర్వాతి కాలంలో దాని నియమావళిలో ఏడో నిబంధన చేరింది. పోటీదారు మంచి ఆరోగ్యంతో ఉండాలి, శ్వేతజాతికి చెందినదై ఉండాలి. దాపరికం లేదు, కాగితం మీదే రాసుకున్నారు. 1945లో బెస్ మయర్సన్ అనే యూదు యువతి గెలిచింది. పోటీకి ముందు ఆమెను పేరు మార్చుకోమన్నారు. ఆమె మార్చుకోలేదు. ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం మారడం చూసిన మన విద్యార్థులకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ నిబంధన పుస్తకంలోంచి పోయాక కూడా ఒక నల్లజాతి స్త్రీ ఆ జాతీయ పోటీలో నిలబడడానికి 1970 దాకా పట్టింది. అయోవా రాష్ట్రం తరఫున వచ్చిన షెరిల్ బ్రౌన్ ఆ మొదటి పోటీదారు. ఆమె గెలవలేదు. గెలిచిన మొదటి నల్లజాతి యువతి వనెస్సా విలియమ్స్, 1983లో. నియమం కొట్టేయడం వేరు, గుమ్మం తెరుచుకోవడం వేరు. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేశాక కూడా గుడి ముందు, హోటల్ ముందు నిలబడి ఉన్న మనకిది తెలిసిన చరిత్రే.

1968 సెప్టెంబరులో అదే అట్లాంటిక్ సిటీలో రెండు నిరసనలు పక్కపక్కనే జరిగాయి. పోటీ జరిగే హాలు బయట స్త్రీవాదులు ఎత్తుమడమల చెప్పులూ, బిగుతు లోదుస్తులూ చెత్తడబ్బాలో పారేశారు. వాళ్ళలో ఎక్కువమంది తెల్లజాతి స్త్రీలు. దగ్గర్లోనే నల్లజాతివాళ్ళు తమ సొంత 'మిస్ బ్లాక్ అమెరికా' పోటీ పెట్టుకున్నారు. మొదటివాళ్ళు అసలు పోటీయే వద్దన్నారు. రెండోవాళ్ళు మమ్మల్ని అందగత్తెలుగా లెక్కించని పోటీని మేము ఒప్పుకోం అన్నారు. రెండూ నిరసనలే. కానీ రెండూ ఒకే చోట నిలబడి చేసినవి కావు.

1970లో లండన్‌లో జరిగిన మిస్ వరల్డ్ పోటీకి దక్షిణాఫ్రికా ఇద్దర్ని పంపింది. తెల్ల అమ్మాయి నడుముకి 'సౌత్ ఆఫ్రికా' అన్న పట్టీ. శ్వేతేతర అమ్మాయి పెర్ల్ జాన్సెన్‌కి 'ఆఫ్రికా సౌత్' అన్న పట్టీ. దేశం పేరు ఒకరికి, తిరగేసిన పేరు ఇంకొకరికి. ఊరి పేరు ఊరికి ఉంచుకుని వాడకి 'కాలనీ' అని పేరు పెట్టిన మన రెవెన్యూ రికార్డుల పద్ధతి ఇలాంటిదే. జాన్సెన్ రెండో స్థానంలో నిలిచింది. గ్రెనడా నుంచి వచ్చిన జెన్నిఫర్ హోస్టెన్ గెలిచి ఆ పోటీలో మొదటి నల్లజాతి విజేత అయింది. ఆ రాత్రే స్త్రీవాదులు హాల్లో పిండి పొట్లాలు విసిరి పోటీని కాసేపు ఆపేశారు. ఒక పక్క పోటీని ఆపాలన్న కోపం, ఇంకో పక్క మొదటిసారి నిలబడగలిగామన్న ఆనందం ఒకే కప్పు కింద ఉన్నాయి.

రాయని నియమం

మన దేశంలో ఏ అందాల పోటీ నియమావళిలోనూ కులం మాట లేదు. అవసరం లేకపోయింది గనక లేదు.

1952లో మొట్టమొదటి మిస్ యూనివర్స్ పోటీ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగితే భారతదేశం తరఫున నిలబడింది ఇంద్రాణి రెహమాన్. తండ్రి శాస్త్రవేత్త రామ్‌లాల్ బాజ్‌పాయి, తల్లి అమెరికాలో పుట్టిన నర్తకి రాగిణీదేవి. తెలుగువాళ్ళకి ఆమె కోరాడ నరసింహారావు దగ్గర కూచిపూడి నేర్చి విదేశాల్లో ప్రదర్శించిన కళాకారిణిగా తెలుసు. 1966లో మిస్ వరల్డ్ గెలిచిన రీటా ఫారియా బొంబాయిలో వైద్య విద్యార్థిని. 1994లో సుస్మితా సేన్, ఐశ్వర్యారాయ్ ఇద్దరూ గెలిచేనాటికి సౌందర్య సాధనాల బజారు ఊళ్ళదాకా వచ్చేసింది. వీళ్ళ ప్రతిభని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆ వేదిక ఎక్కడానికి ముందే చేతిలో ఉండాల్సిన సామాను జాబితా చూడండి: ఇంగ్లీషు, నాట్యశిక్షణ, ఫోటోలకయ్యే ఖర్చు, నగరంలో ఇల్లు, సెలవు పెట్టి వెంట రాగల అమ్మానాన్నలు. ఇవన్నీ కులం చేతుల మీదుగా వచ్చిన ఆస్తులే.

ఎత్తు సంగతి చూద్దాం. ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు ఉండాలని నియమం ఉంటుంది. వినడానికి కులం లేని కొలత. కానీ మనిషి ఎత్తులో చిన్నప్పుడు తిన్న తిండికీ, తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండికీ కూడా పాత్ర ఉంటుంది. తరాల తరబడి అంబలి తాగి బతికిన ఇళ్ళలో పుట్టినవాళ్ళని టేపుతో కొలిస్తే కొలిచేది ఆకలి చరిత్రని. రంగూ అంతే. తెల్లబరిచే క్రీము 1975లో మన బజారుకొచ్చింది. 2020లో పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. పేరు మారినా మా వాడ కిరాణా కొట్టులో రూపాయల ప్యాకెట్టుగా వేలాడుతూనే ఉంది.

తెలుగు మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా గెలిచింది. భారతీయ మూలాలున్న మొదటి విజేత. విజయవాడ ప్రాంతం నుంచి వెళ్ళిన కుటుంబం, తండ్రి వైద్యుడు. ఆ రాత్రే అక్కడివాళ్ళు కొందరు ఆమెను అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ సామాజిక మాధ్యమాల్లో తిట్టారు. ఇక్కడివాళ్ళు మాత్రం ఇంకో మాట ఒప్పుకున్నారు. ఆమె ఒంటిరంగుతో ఇండియాలో పోటీ చేసుంటే గెలిచేది కాదు అని. డాక్టరు కూతురికే మూసుకునే గుమ్మం జీడి కార్మికురాలి కూతురికి ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

2017 నుంచి ఫెమినా మిస్ ఇండియా పోటీ రాష్ట్రానికొక ప్రతినిధిని ఎంచే పద్ధతి పెట్టింది. అంటే ప్రాతినిధ్యం అన్న సూత్రం ఆ వేదికకి తెలియనిది కాదు. 2022లో జార్ఖండ్ తరఫున రియా తిర్కీ ఆ పోటీలో నిలబడిన మొదటి ఆదివాసీ యువతిగా వార్తలకెక్కింది. దేశంలో మిస్ ఇండియా పోటీలు మొదలై అప్పటికే ఏడు దశాబ్దాలు. 2024 ఆగస్టులో ప్రయాగ్‌రాజ్ సభలో రాహుల్ గాంధీ మిస్ ఇండియా జాబితాలో దళిత, ఆదివాసీ, ఓబీసీ స్త్రీ ఒక్కరూ లేరన్నారు. కేంద్రమంత్రి కిరెన్ రిజిజు అది పిల్లచేష్ట అని వెక్కిరించారు. రాష్ట్రాల లెక్క తీస్తే సమైక్యత, కులాల లెక్క తీస్తే పిల్లచేష్ట!

మన గడ్డ మీద

విజయనగరం సంస్థానంలో స్త్రీ అందానికి వేదిక దర్బారు. అక్కడ ఆడింది కళావంతుల స్త్రీలు. 1892లో విజయనగరంలోనే ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గురజాడ మధురవాణిని సృష్టించాడు. సంస్కర్తలు సానుల ఆటను ఖండించారు, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం చేసింది. ఈ చర్చంతా వేదిక మీదున్న స్త్రీ గురించి. పొలంలో ఉన్న మాల, రెల్లి, పైడి స్త్రీ ఈ చర్చలో లేదు. ఆమె ఒళ్ళు నాట్లకీ, కోతలకీ, పారిశుద్ధ్యానికీ లెక్కకొచ్చింది. దొర కన్ను పడ్డప్పుడు మాత్రం ఆమె అందం గుర్తొచ్చేది. అప్పుడది ఆమెకు గౌరవం కాదు, ప్రమాదం. అందుకే మా అమ్మమ్మలు ఈడొచ్చిన పిల్లల్ని దువ్వుకోనిచ్చేవారు కాదు. అందంగా కనపడకపోవడం మా ఇళ్ళలో ఒక జాగ్రత్త.

కార్యకర్తలు ఒక మాట అడుగుతారని మాకు తెలుసు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మింపేటలో మడ్డువలస రిజర్వాయరు భూముల కోసం ఐదుగురు దళితుల్ని చంపిన ప్రాంతం ఇది. ఇక్కడ అందాల పోటీ గురించి ఎందుకు? భూమి ప్రశ్న పెద్దది, కాదనం. కానీ భూమిని దున్నే ఒంటిని అసహ్యించుకునే చూపే ఆ భూమి మనకి దక్కనివ్వనిది కూడా. ఆ చూపు కత్తితో వచ్చినప్పుడే కాదు, మార్కుల కాగితంతో వచ్చినప్పుడూ గుర్తుపట్టాలి.

రెండు వ్యతిరేకతలు, మూడో చోటు

1996 నవంబరులో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీ జరిగినప్పుడు రెండు రకాల వ్యతిరేకత వచ్చింది. సంప్రదాయవాదులు భారతీయ సంస్కృతి మంటగలుస్తోందన్నారు. స్త్రీవాద, వామపక్ష సంఘాలు స్త్రీని మార్కెట్టు సరుకు చేస్తున్నారన్నారు. మదురైలో ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. మొదటివాళ్ళు కాపాడదామన్న సంస్కృతిలో మన స్త్రీకి రవిక వేసుకునే హక్కు కోసం కూడా పోరాడాల్సి వచ్చింది. రెండోవాళ్ళ విశ్లేషణ సరైనదే. కానీ సరుకుగా కూడా పనికిరావని వెళ్ళగొట్టినవాళ్ళ బాధ అందులో చోటు చేసుకోలేదు.

2025 మేలో 72వ మిస్ వరల్డ్ హైదరాబాదుకి వచ్చింది. మే 14న రామప్ప గుడి దగ్గర పోటీదారుల్ని వరసగా కూర్చోబెట్టి స్థానిక మహిళలు వాళ్ళ కాళ్ళకి నీళ్ళు పోశారు, తుడిచారు. అతిథి మర్యాద అన్నారు కొందరు. తెలంగాణ ఆడబిడ్డల ఆత్మగౌరవం పోయిందన్నాయి ప్రతిపక్షాలు. మనం చూడాల్సింది ఇంకొకటుంది. కాళ్ళు కడగడం ఈ దేశంలో మర్యాద కన్నా ముందు కులవృత్తి. ప్రపంచ సుందరి వేదికకి స్థానిక స్త్రీ చేరగలిగిన దగ్గరి చోటు ఆ కాళ్ళ దగ్గరే అయింది. ఆత్మగౌరవం గురించి మాట్లాడినవాళ్ళు ఆమెకి కుర్చీ ఎందుకు లేదని అడగలేదు.

ఆ రోజు వేదిక మీద

మా చెల్లెలి సంగతికి వద్దాం. వాళ్ళమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పని చేసేది. సెలవుల్లో ఈమె కూడా వెళ్ళేది. జీడి తొక్కులోంచి వచ్చే చమురు పడితే చర్మం కాలి నల్లబడుతుంది. బూడిద రాసుకున్నా ఆగదు. పోటీ రోజు స్నేహితురాలి దగ్గర లంగా ఓణీ అరువు తెచ్చుకుంది. నడిచేటప్పుడు చేతులు తేలిగ్గా ఊపాలని ముందే చెప్పారు. ఆమె రెండు చేతులూ ఓణీలో దాచుకుని నడిచింది. మార్కులు అక్కడే పోయాయట. యాంకరు ఊరడిగింది, చెప్పింది. ఊళ్ళో ఎక్కడ అనడిగింది. "ఎస్సీ కాలనీ" అంది. మైకు తర్వాతి అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను అడగాల్సిన ప్రశ్న అడగనేలేదు.

ఇంటికొచ్చాక వాళ్ళమ్మ అందిట: "అందానిక్కూడా పరీచ్చ పెడతారేటే గుంటా? సేతులు సూసీసేరా?" ఆమె ఏడవలేదు. వచ్చే ఏడు మళ్ళీ పేరిస్తానంది. ఇచ్చింది కూడా. ఆ ఏడు చేతులు దాచుకోలేదు. బహుమతి మాత్రం రాలేదు.

అందాల పోటీలు స్త్రీకి విముక్తి ఇస్తాయని మేము ఇప్పటికీ నమ్మం. మార్కెట్టు ఒకరిద్దరు నల్ల అమ్మాయిల్ని ఎక్కించుకుని క్రీములు అమ్ముకోగలదు, అమ్ముకుంటోంది కూడా. కానీ ఆ రోజు ఫోన్లో మేము చేసిన తప్పు మాకు తెలిసింది. పిలుపు అందినవాళ్ళే పిలుపుని తిరస్కరించగలరు. పిలవనివాళ్ళకి తిరస్కారం పాఠం చెప్పడం గుమ్మం దగ్గర ఇంకో కాపలా పెట్టడమే.

ఉపాధ్యాయ మిత్రులకి ఒక విన్నపం. మీ కాలేజీలో ఈసారి ఇలాంటి పోటీ పెడితే, ఆపగలిగితే ఆపండి. ఆపలేకపోతే పేర్లిచ్చినవాళ్ళ జాబితా చూడండి, ఇవ్వనివాళ్ళ జాబితా కూడా చూడండి. న్యాయనిర్ణేతల కాగితంలో ఏయే గడులున్నాయో అడగండి. విద్యార్థి మిత్రులకి ఇంకొకటి. మీ వాడ నుంచి మొదటిసారి ఏ వేదికైనా ఎక్కిన ఆడపిల్ల ఎవరో కనుక్కుని, ఆమె అనుమతితో రాసిపెట్టండి. గెలిచినవాళ్ళ చరిత్ర వాళ్ళే రాయించుకుంటారు. చేతులు దాచుకుని నడిచినవాళ్ళది మనమే రాయాలి.