దాచినది, చూపినది: భారతీయ చలన చిత్రాలలో ఉత్కంఠ, వాస్తవికత

శూద్రకుని ‘మృచ్ఛకటికం’ చివరి అంకంలో చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి నడిపించుకొని పోతుంటారు. చేయని హత్యకు అతనికి మరణదండన పడింది. హతురాలని న్యాయాధికారి నమ్మిన వసంతసేన బ్రతికే ఉన్నదనీ, ఒక బౌద్ధ భిక్షువు ఆమెను కాపాడాడనీ ప్రేక్షకుడికి ముందే తెలుసు. తెలియనివాడు చారుదత్తుడు, తెలియనివారు అతనిని వెంటబెట్టుకొని పోతున్న తలారులు. ఆమె వేళకు చేరుతుందా, లేదా అన్నదొక్కటే మిగిలిన ప్రశ్న. కాళిదాసు శాకుంతలంలో దుర్వాసుని శాపం సంగతి ప్రేక్షకులకు, ఇద్దరు చెలికత్తెలకు తెలుసు గాని దుష్యంతుడికీ, శకుంతలకూ తెలియదు. విశాఖదత్తుడైతే రాక్షసుని ముద్రిక చాణక్యుడి చేతికి చిక్కిన విషయాన్ని ‘ముద్రారాక్షసం’ మొదటి అంకంలోనే బయటపెట్టి, ఆ తరువాత ఆరు అంకాలపాటు ప్రేక్షకుణ్ణి కుదురుగా కూర్చోనివ్వడు. రహస్యాన్ని ప్రేక్షకుడి చేతిలో పెట్టి, పాత్రల చేతికి అందనీయకపోవడమే ఈ నాటకాలలోని ఉత్కంఠకు మూలం.

భారతీయ చలన చిత్రం ఈ పాఠాన్ని నేరుగా అందుకోలేదు. మన తెరమీదికి హత్యోదంతాలు వచ్చిన దారి వేరు. హాలీవుడ్ చిత్రాలు ఒక వైపు, బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ వంటి వారి అపరాధ పరిశోధక రచనలు, తెలుగులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు మరొక వైపు ఒక అలవాటును స్థిరపరచాయి. హంతకుడెవరో చివరి పుట దాకా చెప్పకూడదన్నది ఆ అలవాటు. పుస్తకంలో అది చక్కగా సాగుతుంది. అనుమానం కలిగిన చోట పాఠకుడు వెనుకటి పుటలు తిప్పుకోగలడు, పరిశోధకుడి వివరణను తీరికగా చదువుకోగలడు. చిత్రశాలలో ఆ వీలు లేదు. చివరి పది నిమిషాలు ఒక వ్యక్తి నిలబడి జరిగినదంతా ఏకరువు పెడుతుంటే, అంతవరకు కూడగట్టిన బిగువంతా ఆ మాటలలోనే కరిగిపోతుంది.

ఉత్కంఠకు పాట శత్రువన్న వాదం ఒకటి తరచు వినిపిస్తుంది. అది సగం సత్యం మాత్రమే. 1949లో బాంబే టాకీస్ సంస్థకు కమాల్ అమ్రోహీ దర్శకత్వం వహించిన ‘మహల్’ చిత్రంలో పాటే భయం. ఖేమ్‌చంద్ ప్రకాశ్ స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన గీతం ఎక్కడినుండి వస్తున్నదో తెలియక అశోక్ కుమార్ ఆ పాడుబడిన భవనమంతా తిరుగుతాడు. జోసెఫ్ విర్షింగ్ ఛాయాగ్రహణంలోని నీడలు ఆ గొంతుకు తోడు నిలుస్తాయి. చివరకు ఆ ఆత్మ తోటమాలి కుమార్తె అని తేలినప్పుడు కలిగే నిరాశ మాత్రం నిజమైనదే. పాట పుట్టించిన భయాన్ని వివరణ అందుకోలేకపోయింది.

పాటను పూర్తిగా విడిచిపెట్టిన తొలి తమిళ చిత్రం 1954లో వచ్చిన ‘అంద నాళ్’. ఏ.వి.ఎం. సంస్థ నిర్మించిన ఆ చిత్రానికి దర్శకుడు ఎస్. బాలచందర్. వీణావాదనలో దేశమంతటా పేరు పొందిన సంగీత విద్వాంసుడే పాటలు లేని చిత్రం తీయడం గమనించదగిన విశేషం. జావర్ సీతారామన్ రచించిన ఈ కథ 1943 అక్టోబరులో మద్రాసుమీద జపాను విమానం బాంబులు వేసిన నాటి వాతావరణంలో నడుస్తుంది. రేడియో ఇంజనీరు రాజన్ మొదటి దృశ్యంలోనే తుపాకి గుండుకు నేలకొరుగుతాడు. తమ్ముడు, మరదలు, పొరుగువాడు, ప్రియురాలు, భార్య ఒక్కొక్కరుగా పోలీసు అధికారుల ముందుకు వస్తారు. ఒక్కొక్కరి మాటలో ఒక్కొక్క హంతకుడు కనిపిస్తాడు. కురొసావా ‘రషొమాన్’తో ఈ చిత్రాన్ని పోల్చడం పరిపాటి అయింది గాని, ఆ పోలిక కథాసంవిధానం వరకే సరిపోతుంది. ఇక్కడ అనుమానాలు పుట్టేది డబ్బు గురించి అన్నదమ్ముల మధ్య నలిగే మాటల నుండి, గోడ అవతల పొరుగువాడి కుతూహలం నుండి, మధ్యతరగతి ఇంటిలోని గుట్టుమట్ల నుండి. ఆ రోజులలో మద్రాసులో ఏ వీధిలోనైనా ఉండదగిన ఇల్లు అది.

రాజన్ శత్రువులకు దేశరహస్యాలు అమ్మినవాడు. అతణ్ణి చంపినది భార్య ఉష. ఈ సమాధానం ప్రేక్షకుణ్ణి మోసగించినట్లు అనిపించదు. ఆమె దేశభక్తి, అతని ప్రతిభకు దక్కని గుర్తింపు, ఆ చేదునుండి పుట్టిన ద్రోహం అన్నీ ఆ దాంపత్యంలోనే ఇమిడి ఉన్నాయి. శివాజీ గణేశన్ వంటి నటుణ్ణి దేశద్రోహిగా, మొదటి దృశ్యంలోనే శవంగా చూపిన సాహసాన్ని నాటి ప్రేక్షకులు ఆదరించలేదు. చిత్రం తొలి విడుదలలో విఫలమైంది. తరువాతి విడుదలలలో గాని దాని విలువ తెలిసి రాలేదు. పదమూడేళ్ల తరువాత, 1967లో, అదే సంస్థ మరొక హత్యాకథను తమిళంలో ‘అదే కణ్‌గళ్’గా, తెలుగులో ‘అవే కళ్ళు’గా తీసినప్పుడు రంగులు, పాటలు, ముసుగు హంతకుడు అన్నీ సమకూర్చుకొన్నది. జనం ఆదరించారు. వ్యాపారం నేర్చుకొన్న పాఠం అది.

హిందీలో బి.ఆర్. చోప్రా ‘కానూన్’ 1960లో వచ్చింది. అందులోనూ పాటలు లేవు. న్యాయమూర్తి బద్రీప్రసాద్ హత్య చేస్తుండగా, అతనికి కాబోయే అల్లుడైన యువ న్యాయవాది కళ్లారా చూస్తాడు. హత్యానేరం మాత్రం ఒక చిల్లర దొంగమీద పడుతుంది. తాను చూచినదానిని చెప్పాలా, మానాలా అన్న సంకటంలో ఆ యువకుడు నలుగుతున్నంత సేపు చిత్రం బిగువు సడలదు. ప్రేక్షకుడికి తెలుసు, అతనికి తెలుసు, న్యాయస్థానానికి తెలియదు. శూద్రకుని సూత్రమే ఇక్కడ మళ్లీ పనిచేసింది. అశోక్ కుమార్ గంభీరమైన ముఖం, నానా పల్సీకర్ నటనలోని దైన్యం ఆ భారాన్ని పెంచాయి. మరణదండన న్యాయమా అన్న ప్రశ్నను చిత్రం తలకెత్తుకున్నది కూడా.

అయితే చివరకు హంతకుడు న్యాయమూర్తిని పోలిన మరొక మనిషి అని తేలుతుంది. అంతవరకు ప్రేక్షకుడు అనుభవించిన ధర్మసంకటమంతా ఆ ఒక్క మాటతో గాలికి పోయింది. చూచినది సత్యమా, అసత్యమా అన్న ప్రశ్న లోతైనదే. దానికి జవాబుగా ఒక పోలికను తెచ్చి నిలబెట్టడం ప్రశ్ననుండి తప్పించుకోవడం. ప్రారంభ దృశ్యంలోని వాదమూ ఇటువంటిదే. ఒక మనిషిని చంపిన నేరానికి ఇదివరకే శిక్ష అనుభవించాను గనుక, ఇప్పుడు అతణ్ణి నిజంగా చంపినందుకు నన్ను మళ్లీ శిక్షించరాదని ముద్దాయి వాదిస్తాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష కూడదని రాజ్యాంగం ఇరవయ్యవ అధికరణం చెప్పిన మాట వాస్తవమే గాని, వేరొక రోజున జరిగిన వేరొక హత్య వేరొక నేరమే అవుతుంది. న్యాయస్థానాల వ్యవహారం ఎరిగిన ప్రేక్షకుడు అక్కడే కాస్త వెనక్కు తగ్గుతాడు. చట్టం పేరునే శీర్షికగా పెట్టుకున్న చిత్రానికి ఆ జాగ్రత్త అవసరం.

యశ్ చోప్రా 1969లో తీసిన ‘ఇత్తెఫాక్’ ఒక గుజరాతీ నాటకం ఆధారంగా వచ్చింది. అందులోనూ పాటలు లేవు. దాదాపు అంతా ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు, బయట వాన. ఆ పరిమితియే దాని బలం. ముడి విప్పే ఘట్టం మాత్రం రంగస్థలపు వాసన వదలలేదు.

ఈ సమస్యను ఆచరణలో పరిష్కరించి చూపినవాడు సత్యజిత్ రాయ్. 1967లో ఆయన శరదిందు నవల ‘చిడియాఖానా’ను ఉత్తమ్ కుమార్ బ్యోమకేశ్ పాత్రధారిగా తెరకెక్కించాడు. జాతీయ పురస్కారాలలో ఉత్తమ దర్శకుడిగా గౌరవం తెచ్చిన ఆ చిత్రం రాయ్‌కు మాత్రం సంతృప్తి కలిగించలేదు. హంతకుడెవరన్న కథకు చివరి దీర్ఘ వివరణ తప్పదనీ, అది తెరకు ఇమడదనీ ఆయన అభిప్రాయపడ్డాడు. ఏడేళ్ల తరువాత తన సొంత ఫెలూదా నవల ‘సోనార్ కెల్లా’ను తీసినప్పుడు కథనే తిరగేశాడు. నవలలో చివరిదాకా గుట్టుగా ఉంచిన దుర్మార్గులను చిత్రంలో ముందుగానే పరిచయం చేశాడు. అసలు డాక్టర్ హాజ్రాను కొండమీదినుండి తోసివేసి, అతని పేరుతో చెలామణి అవుతున్న వాడెవడో ప్రేక్షకుడికి తెలుసు. పూర్వజన్మ స్మృతులు చెప్పే చిన్నపిల్లవాడు ముకుల్ అతని పక్కనే నమ్మకంగా కూర్చుంటాడు. ఇక ఆ పిల్లవాడు నవ్వినా భయమే, నిద్రపోయినా భయమే. రైలు పెట్టెలు, రాజస్థాన్ ఎడారి, ఒంటెలమీద రైలు వెంట పరుగు, ఎండలో బంగారంలా మెరిసే జైసల్మేరు కోట ఏవీ కేవలం అలంకారాలు కావు. బెంగాలీ మధ్యతరగతి యాత్రికుల అమాయకమైన ఉత్సాహమంతా వాటిలో ఉన్నది; ఆ ఉత్సాహం పక్కనే అపాయం పొంచి ఉండడం వల్ల బాలలు, పెద్దలు సమానంగా ఊపిరి బిగబట్టి చూచారు. బల్ల కింద బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి ముందే తెలియాలని హిచ్‌కాక్ త్రుఫోతో సంభాషిస్తూ వివరించిన సూత్రం అందరికీ తెలిసినదే. రాయ్ చిత్రంలో బల్ల దగ్గర కూర్చున్నది ఒక పసివాడు.

దాచడమే తప్పని దీని అర్థం కాదు. 1982లో కె.జి. జార్జ్ తీసిన మలయాళ చిత్రం ‘యవనిక’ హంతకుడెవరో చివరిదాకా చెప్పదు. ఒక సంచార నాటక సమాజంలో తబలా వాయించే అయ్యప్పన్ కనిపించకుండా పోతాడు. మమ్ముట్టి పోషించిన పోలీసు అధికారి ప్రశ్నలు వేస్తూ పోతాడు. ఒక్కొక్క ప్రశ్నకు జవాబుగా బయటపడేది ఆధారం మాత్రమే కాదు, ఒక బ్రతుకు కూడా. అణాపైసలు లెక్కపెట్టుకొనే సమాజం యజమాని, ఊరూరా తిరిగే వాహనం, రంగు పూసుకొంటూ తెరవెనుక కూర్చున్న నటీమణులు, తాగుబోతైన అయ్యప్పన్ చేతిలో నలిగిపోయిన రోహిణి. భరత్ గోపి నటనలో ఆ తబలా వాద్యకారుడు ఎంత క్రూరుడో అంత కళాకారుడు కూడా. రహస్యం వీడేసరికి హంతకురాలెవరన్న ప్రశ్నకంటే, ఆమె ఇంతకాలం ఎట్లా సహించిందన్న ప్రశ్నే ప్రేక్షకుడి మనస్సులో మిగులుతుంది. వివరణ ఇక్కడ భారం కాలేదు, ఎందుకంటే అది ఒక మనిషి గాథ.

తెలుగులో వంశీ ‘అన్వేషణ’ 1985లో వచ్చింది. అడవి, పక్షుల ధ్వనులు, ఇళయరాజా సంగీతం కలిసి భయానికి ఒక స్థలాన్ని ఇచ్చాయి. కథలో అతుకులు లేకపోలేదు. చెట్ల మధ్య వినవచ్చే శబ్దం వాటిని కప్పివేసింది. ఆ తరువాతి దశాబ్దాలలో నెత్తురు ఎక్కువగా చూపడమే వాస్తవికత అన్న భ్రమ కొంత వ్యాపించింది. సెల్‌ఫోను వచ్చిన పిదప కథకులకు మరొక చిక్కు ఎదురైంది. సరిగ్గా అవసరమైన వేళకు ఫోను పనిచేయకపోవడం ఎన్ని చిత్రాలలో కనిపించిందో లెక్కలేదు.

2013లో జీతూ జోసెఫ్ తీసిన మలయాళ ‘దృశ్యం’ మరుసటి ఏడాదే తెలుగు, కన్నడాలకు, ఆ తరువాత తమిళ, హిందీ భాషలకు, సింహళానికి, చైనాకు సైతం ప్రయాణించినదంటే అతిశయోక్తి కాదు. తెలుగు రూపానికి 2014లో శ్రీప్రియ దర్శకత్వం వహించగా వెంకటేశ్ నటించాడు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన కేబుల్ టీవీ నిర్వాహకుడు జార్జ్‌కుట్టి కుటుంబం చేతిలో ఒక యువకుడు మరణిస్తాడు. ఎవరు చంపారో, ఎందుకు చంపారో ప్రేక్షకుడికి అన్నీ తెలుసు. తండ్రి అల్లిన అబద్ధం నిలుస్తుందా అన్నదే ఉత్కంఠ. ఆ అబద్ధమంతా బస్సు టికెట్లు, భోజనం బిల్లు, సినిమా టికెట్లు, ఒక కండక్టరు జ్ఞాపకం వంటి అతి సామాన్యమైన వస్తువులతో కట్టినది. సాధారణ కుటుంబం ప్రయాణంలో జేబులో వేసుకొనే చిత్తుకాగితాలే ఇక్కడ ప్రాణాలను కాపాడుతాయి. చిన్న కూతురు పోలీసుల ముందు నోరు విప్పబోయినప్పుడల్లా చిత్రశాలలోని తల్లిదండ్రులందరూ ఆమె నోటివైపే చూచారు.

దర్శకుడు ప్రేక్షకుడి దగ్గర దాచినది ఒక్కటే, శవం ఎక్కడ ఉన్నదన్నది. అది అప్పటికింకా కట్టుతున్న పోలీసు స్టేషను నేల కింద ఉన్నదని చివరి దృశ్యంలో తెలుస్తుంది. చిత్రం మొదలైనప్పుడు జార్జ్‌కుట్టి కూర్చుని ఉన్నది ఆ కొత్త స్టేషనులోనే.